గౌరవ వేతనంలో గౌరవమెంత? వేతనమెంత?

ఈ మధ్య హైదరాబాదులో ఒక స్వచ్ఛంద సంస్థ తన ఫీల్డు కార్యకర్తలకి రెండు రోజుల శిక్షణా తరగతులు పెట్టింది. బస్తీల్లో వుండే ఇళ్ళపని వాళ్ళకీ, బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే ఆడపిల్లలకీ, చిన్నచిన్న కార్ఖానాల్లో చేసే స్త్రీలకీ జీతం పెంచమని యజమానిని ఎలా అడగాలో నేర్పటం ఈ కార్యకర్తల పని. నేర్పాలంటే ముందు తాము నేర్చుకోవాలి గదా, అందుకని ఈ తరగతులు. స్త్రీల శ్రమ గురించి ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచారు. నాకంటే ముందు మాట్లాడినామె కంపెనీల్లో ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే మనిషి. తలెత్తి మాట్లాడాలి, ఇంటి కష్టాలు ఏకరువు పెట్టకూడదు, చేసిన పనేమిటో చెప్పాలి, అంకె ముందు అవతలివాళ్ళ నోటినుంచి వచ్చేలా చూసుకోవాలి - ఇలా సాగింది ఆమె పాఠం. అందులో తప్పు చెప్పిందేమీ లేదు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు వెనక వరసలోంచి ఒకామె లేచింది. యాభై దాటి వుంటాయి. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కరువులో వలసవచ్చిన మనిషి, పద్నాలుగేళ్ళుగా ఆ సంస్థలోనే పనిచేస్తోంది. పేరు రాయటం లేదు. ఎందుకో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆమె అన్నదిది:

"అడుగుడు మాకు కొత్తగాదు మేడం. నాట్లకు పోయినప్పుడు ఒడ్డు మీద నిలబడి గుత్త మాట్లాడుకున్నంకనే మడిల కాలు పెడుతుంటిమి. నారు పీకినంక ఆసామి ఆగలేడు, అది ఆయనకెరుకే, మాకెరుకే. ఈడ పద్నాలుగేండ్లాయె. జీతం మాటెత్తితే 'నువ్వు కూలికొచ్చినవా, సంఘం పనికొచ్చినవా' అంటరు. ఏమని చెప్పాలె? కూలికొచ్చిన అంటే సిగ్గుచేటు. సంఘం పనికొచ్చిన అంటే ఇగ మాట్లాడనీకి ఏం లేదు."

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. డైరెక్టరు గారు టీ టైమయిందని గుర్తుచేశారు.

ఆమె ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. టీ తాగి వచ్చి నేను రాసుకొచ్చిన ఉపన్యాసం నేను చదివేసి వచ్చాను. కానీ ఆ ప్రశ్న శిక్షకురాలికి వేసింది కాదు, మనకి వేసింది. స్త్రీల హక్కుల పేరుతో సంస్థలు నడుపుతున్నవాళ్ళకి, వాటిలో ప్రాజెక్టులు రాసేవాళ్ళకి, పరిశోధనలు చేసేవాళ్ళకి.

స్త్రీలకి అడగటం చేతకాకే తక్కువ జీతాలన్న వాదన 2003లో అమెరికాలో లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. శిక్షణా తరగతుల వ్యాపారానికి అది మంచి పెట్టుబడి అయింది. అయితే అదే బాబ్‌కాక్ మరో ఇద్దరితో కలిసి 2007లో ప్రకటించిన ప్రయోగాల్లో, గట్టిగా బేరమాడిన స్త్రీలతో కలిసి పనిచెయ్యటానికి ఎదుటివాళ్ళు వెనకాడటం కనిపించింది. 2018లో ఆస్ట్రేలియా ఉద్యోగుల సమాచారం పరిశీలించిన మరో ముగ్గురు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, స్త్రీలు పురుషులతో సమానంగానే అడుగుతున్నారని తేల్చారు. తేడా అంతా దొరకటంలోనే. అడిగిన మగవాళ్ళలో 20 శాతానికి పెంపు దొరికితే, అడిగిన ఆడవాళ్ళలో 15 శాతానికే దొరికింది. చేతకానితనం ఎవరిదో ఇక్కడ తెలుస్తూనే వుంది. కానీ తరగతులు మాత్రం ఇవ్వనివాళ్ళకి కాకుండా అడిగేవాళ్ళకే పెడుతున్నాం.

అసలు మన స్త్రీలకి బేరం రాదని ఎవరన్నారు? కూరగాయల బండి దగ్గర, చీరల కొట్లో మన బేరాల మీద ఎన్ని జోకులు! పావలాకి బేరమాడుతుందని వెక్కిరించే నోళ్ళే ఆమె తన శ్రమకి బేరమాడగానే డబ్బు మనిషి అనేస్తాయి. ఇంటి డబ్బు ఆదా చేసే బేరం ఇల్లాలి తెలివి. తన డబ్బు పెంచుకునే బేరం మాత్రం ఆశపోతుతనం. ఈ తేడాని పోషించేది పితృస్వామ్యమని రాయటం మనకి తేలిక. అలాంటివి చాలా రాశాం. మన ఆఫీసుల్లో ఆ తేడా ఎలా బతుకుతోందన్నది మాత్రం రాయలేదు.

ఆ మహబూబ్‌నగర్ అక్క చెప్పిన నాట్ల సంగతి మళ్ళీ చూడండి. ఆ ఒడ్డు మీద బేరానికి కొన్ని బలాలున్నాయి. ముఠా అంతా ఒకేసారి, ఒకే రేటు అడుగుతుంది. పక్క వూళ్ళో ఎకరానికి ఎంత నడుస్తోందో అందరికీ తెలుసు. పనిలోకి దిగకముందే మాట తేలుతుంది, అదీ ఆసామికి అవసరం ముంచుకొచ్చిన సమయంలో. అన్నిటికంటే ముఖ్యం, నీకు డబ్బెందుకని అక్కడ ఎవరూ అడగరు. కూలీ కూలి అడుగుతుంది, అంతే. ఆ బేరాన్ని ఆకాశానికెత్తటం నా వుద్దేశం కాదు. కరువొస్తే ఆ బలం ఆవిరైపోతుంది. మగకూలికీ ఆడకూలికీ తేడా ఆ ఒడ్డు మీద కూడా వుంది. ఇప్పుడు నాటు యంత్రాలొచ్చాయి, బీహారు నుంచీ బెంగాలు నుంచీ వలస ముఠాలొస్తున్నాయి. అయినా ఆమె తానెవరో తనకి తెలిసిన చోటు అది. మన దగ్గరికి వచ్చాక ఆ తెలివిని కూడా పోగొట్టుకుంది. పోగొట్టుకోలేదు, మనం తీసేసుకున్నాం.

ఎలా తీసుకున్నాం? ఒక మాటతో. కార్యకర్త.

ఈ మాట ఉద్యమాలది. జీతం లేకుండా, రాత్రనక పగలనక, నమ్మిన దానికోసం తిరిగే మనిషికి పెట్టిన పేరు. ప్రభుత్వం దాన్ని మన దగ్గర్నుంచి అరువు తీసుకుంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ నడిపే స్త్రీ ఉద్యోగి కాదు, గౌరవ సేవకురాలు. ఆమెకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక పుట్టిన ఆశా అయితే అసలు పేరులోనే కార్యకర్త. ఆమెకి నెల లెక్క కూడా లేకుండా కాన్పుకింత, టీకాకింత అని ప్రోత్సాహకాలు కట్టారు. మంత్రసాని లెక్క ఇంతకంటే మెరుగ్గా వుండేదేమో, కనీసం బియ్యం, చీర పెట్టేవాళ్ళు.

ఈ గౌరవానికి సుప్రీంకోర్టు ముద్ర కూడా పడింది. 2006లో కర్ణాటక కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వోద్యోగం కాదని తీర్పు వచ్చింది. 2013లో 45వ భారత కార్మిక మహాసభ - ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ కూర్చునే సభ అది - పథకాల్లో పనిచేసేవాళ్ళని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద వుండిపోయింది. కేంద్రం తన వాటాని 2018 అక్టోబరు నుంచి 3,000 రూపాయల నుంచి 4,500కి పెంచి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడే వుంచేసింది. చివరికి 2022 ఏప్రిల్‌లో గుజరాత్‌కి చెందిన అంగన్‌వాడీ స్త్రీలు వేసిన కేసులో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనంది. ఆ చట్టం నిర్వచనం ప్రకారం గౌరవ వేతనం కూడా వేతనమేనంది. నలభై ఏడేళ్ళు పట్టింది ఆ ఒక్క విశేషణం మీద గీత పెట్టటానికి. అదీ ఒక్క గ్రాట్యుటీ మట్టుకే.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది మనందరం చూశాం. తెలంగాణ 2021లో అంగన్‌వాడీ టీచర్లకి 13,650 చేసింది. ఆంధ్రలో 2019లో 11,500 చేసి అక్కడే ఆపారు. తెలంగాణ కంటే వెయ్యి ఎక్కువిస్తామన్న ఎన్నికల మాట ఏమైందని వాళ్ళు అడిగారు. కనీస వేతనం 26,000, గ్రాట్యుటీ కావాలన్నారు. 2023 డిసెంబరు 12న సమ్మెలోకి దిగారు. కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయాల సిబ్బందితో నడిపించాలని చూశారు. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. ఆ చట్టం అత్యవసర సేవల వాళ్ళు సమ్మె చెయ్యకుండా ఆపటానికి! జీతమడిగితే వీళ్ళు స్వచ్ఛందంగా సేవచేసే గౌరవనీయులు, పని ఆపితే మాత్రం రాష్ట్రం ఆగిపోయేంత అత్యవసర సిబ్బంది. ఒకే స్త్రీ ఒకే నెలలో రెండూ అయింది. ఆ ఒక్క జీవోతో ప్రభుత్వం వాళ్ళ వాదన తానే ఒప్పుకున్నట్టయింది గానీ, కోర్టుల్లో ఎవరూ దాన్నలా వాడినట్టు నాకు కనిపించలేదు. 42 రోజుల తర్వాత, తొలగింపు వుత్తర్వుల బెదిరింపు మధ్య, జనవరి 22 రాత్రి సమ్మె ముగిసింది. జీతం పెంపు మాత్రం జులైకి వాయిదా. జులై వచ్చేసరికి మాట ఇచ్చిన ప్రభుత్వమే మారిపోయింది.

ఆ 42 రోజులూ మన సంస్థలు చాలావరకు సంఘీభావ ప్రకటనలు ఇచ్చాయి. నేనూ రెండింటి మీద సంతకం పెట్టాను. ఆ ప్రకటనల్ని టైపు చేసిన అమ్మాయికి, శిబిరానికి జనాన్ని తీసుకెళ్ళిన ఫీల్డు కార్యకర్తకి మనం నెలకి ఎంతిస్తున్నామో అప్పుడెవరమూ అనుకోలేదు. దాన్ని మనం ఏ పేరుతో ఇస్తున్నాం? చాలా సంస్థల వోచర్ల మీద చూడండి. గౌరవ వేతనం అనే వుంటుంది.

ఈ చరిత్ర మనకి కొత్తది కూడా కాదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల గురించి మాట్లాడినప్పుడల్లా మనం చెప్పుకునే 1997 విశాఖ తీర్పు వెనక వున్న భన్వరీ దేవి ఎవరు? రాజస్థాన్ ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. నెలకి కొద్ది వందల రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసిన మనిషి. తనకి అప్పగించిన పనిలో భాగంగా బాల్యవివాహాన్ని ఆపబోయినందుకే 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. స్త్రీల సాధికారత అంటూ పుట్టిన ఆ కార్యక్రమంలో సాథిన్లు తమకి జీతం, ఉద్యోగ భద్రత కావాలని సంఘం పెట్టుకుని పోరాడారు కూడా. భన్వరీ దేవి గురించి మన పత్రికల్లో వచ్చిన వ్యాసాలు లెక్కలేనన్ని. సాథిన్ల జీతాల పోరాటం గురించి ఎన్ని వచ్చాయి? ఆమె మీద జరిగిన హింస మనకి స్త్రీవాద ప్రశ్న అయింది, ఆమె జీతం కాలేదు.

ఇప్పుడు నా సంగతి. పన్నెండేళ్ళ క్రితం ఒక సర్వేకి నేను బాధ్యురాలిని. వూళ్ళు తిరిగి ప్రశ్నావళులు నింపటానికి పదకొండు మంది అమ్మాయిల్ని పెట్టుకున్నాం. మూడో నెలలో వాళ్ళంతా కలిసి వచ్చి రోజుకిచ్చే డబ్బు పెంచమన్నారు. ఎండాకాలం, బస్సుల్లేని వూళ్ళు, ఒక్కోరోజు రాత్రి అక్కడే వుండిపోవాల్సి రావటం - న్యాయమైన కారణాలే చెప్పారు. నేను ఏం చెప్పానో మాటమాటా గుర్తుంది. ఇది మామూలు ఉద్యోగం కాదమ్మా, మనందరి పని అన్నాను. బడ్జెట్‌లో లేదన్నాను. ఆ బడ్జెట్ రాసింది నేనే. పరిశోధకురాలి జీతం దగ్గర ఒక అంకె, ప్రయాణాల దగ్గర ఒక అంకె, సమాచారం సేకరించేవాళ్ళ దగ్గర మిగిలినది వేశాను. పరిశోధన అంతా నిలబడింది వాళ్ళు తెచ్చిన సమాచారం మీద. ప్రాజెక్టు చివర మిగిలిన డబ్బుతో నగరంలో సదస్సు పెట్టాం. విషయం అసంఘటిత రంగంలో స్త్రీల వేతనాలు. ఆ పదకొండు మందిలో ఇద్దర్ని రిజిస్ట్రేషన్ టేబులు దగ్గర కూర్చోబెట్టాం.

సంజాయిషీగా చెప్పటం లేదు. ఆ మాటలు నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చాయన్నదే అడుగుతున్నాను. 'మనందరి పని' అనేది అబద్ధం కాదు, అందుకే అది అంత బాగా పనిచేస్తుంది. ఆ అమ్మాయిలు దాన్ని నమ్మారు కాబట్టే తలొంచుకుని వెళ్ళిపోయారు. లాభాల కోసం నడిచే కంపెనీ యజమానికి ఈ సదుపాయం లేదు. అతనితో పోట్లాడితే యజమానితో పోట్లాడినట్టు. మనతో పోట్లాడితే ఉద్యమంతో పోట్లాడినట్టు. యజమానికి లేని నైతిక బలం వాడుకుని మనం యజమాని కంటే తక్కువ ఇస్తున్నాం.

దీంట్లో కులం లేదనుకోవద్దు. నేను చూసిన సంస్థల్లో వూళ్ళు, బస్తీలు తిరిగేవాళ్ళు ఎక్కువగా దళిత, బహుజన, ముస్లిం స్త్రీలు. ఆఫీసులో కూర్చుని ఇంగ్లీషులో రిపోర్టు రాసేది నా బోటివాళ్ళు. బస్తీలో అర్ధరాత్రి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఒక స్త్రీని బయటికి తెచ్చుకోవటం నైపుణ్యం కాదు, నిబద్ధత. ఆ సంగతిని ఇంగ్లీషులో రెండు పేజీలు రాయటం మాత్రం నైపుణ్యం, దానికి స్కేలుంది. నిబద్ధతకి ఇంక్రిమెంటు లేదు. మగకూలికి పలుగు పట్టే పని, ఆడకూలికి కలుపు పని అని విడదీసి కూలి తగ్గించే ఆసామిని మనం తప్పుపట్టాం. ఈ విభజన దానికి భిన్నమైనదా?

ఫండింగ్ ఏజెన్సీల మీదకి నెట్టటం ఒకటుంది. కొంత నిజమే, మూడేళ్ళ ప్రాజెక్టు డబ్బుతో పదిహేనేళ్ళ ఉద్యోగం హామీ ఇవ్వటం ఎవరికీ సాధ్యం కాదు. కానీ ఈ మధ్య మరో సాకు ఎక్కువగా వింటున్నాను. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది, కాబట్టి జీతాలు పెంచలేమని. ఆ సవరణ దుర్మార్గమైనదే, చిన్న సంస్థల గొంతు నులమటానికే వచ్చింది. కానీ అదే చట్టం కింది నియమాలు చదివితే, సంస్థ ఆశయాల కోసం నేరుగా చేసే పనిమీద పెట్టే ఖర్చు, ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం లాంటివి, పరిపాలనా ఖర్చుగా లెక్కలోకి రాదు. బస్తీలో తిరిగే కార్యకర్త చేసేది సంస్థ ఆశయం కాకపోతే మరెవరు చేస్తున్నారు ఆ పని? పరిమితి తగిలేది ఆఫీసుకీ, పైజీతాలకీ. ఆ దెబ్బని కిందికి తోస్తున్నాం. ఫీల్డులో పనిచేసేవాళ్ళెవరూ ఆ నియమాలు చదవరన్న ధైర్యం మనకి.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1978లో బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పుతో, పరిశ్రమ అన్న మాటకి అర్థాన్ని విశాలం చేసింది. లాభం కోసం కాకపోయినా, దానధర్మాల పేరు పెట్టుకున్నా, జీతానికి మనుషుల్ని పెట్టుకుని క్రమబద్ధంగా పని చేయిస్తే అది పరిశ్రమే, వాళ్ళు కార్మికులే అన్నది సారాంశం. 1982లో పార్లమెంటు దీన్ని కుదిస్తూ సవరణ చేసింది గానీ ఆ నిర్వచనాన్ని అమలులోకి తేలేదు. ఇప్పుడు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ధార్మిక, సామాజిక సేవ ప్రధానంగా చేసే సంస్థలు పరిశ్రమలు కావని అది తేల్చేసింది. అదే సెక్షన్‌లో ఇళ్ళల్లో పనిచెయ్యటం కూడా పరిశ్రమ కాదంది. అంటే బస్తీలోని పనిమనిషినీ, ఆమెకి హక్కులు నేర్పటానికి వెళ్ళే మన కార్యకర్తనీ ఒకే నిర్వచనం గుమ్మం బయట నిలబెట్టింది. జీతం గురించి వివాదం వస్తే కార్మికశాఖ అధికారి ముందు రాజీ చర్చలకి కూర్చోబెట్టే దారి ఇద్దరికీ మూసుకుపోయింది. మొదటి మినహాయింపు గురించి మనం గొంతు చించుకోవాలి. రెండో మినహాయింపు వల్ల మన సంస్థలకి లాభం కాబట్టి మాట్లాడటం లేదా? కోడ్‌ల మీద వచ్చిన విమర్శలు చాలా చదివాను. స్వచ్ఛంద సంస్థల ఉద్యోగుల గురించి వాటిలో ఒక్క పేరా నా కంటబడలేదు.

యూనియన్ వుంటే అన్నీ సర్దుకుంటాయన్న భ్రమ కూడా నాకు లేదు. బొంబాయిలో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫరు సమాన వేతన చట్టం కింద వేసిన కేసు గుర్తుచేసుకోండి. మెకినన్ మెకంజీ కంపెనీలో ఆడ స్టెనోగ్రాఫర్లకి మగవాళ్ళకంటే తక్కువ జీతం. ఆ తక్కువ జీతం యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలోనే వుంది! వీళ్ళు ఆఫీసర్ల దగ్గర పనిచేసే వేరే తరగతి స్టెనోలని కంపెనీ వాదించింది. 1987లో సుప్రీంకోర్టు ఆ వాదనని కొట్టేసింది. ఒప్పందమున్నా చట్టాన్ని దాటిపోవటానికి వీల్లేదంది. ఇచ్చుకోలేమన్న సాకు సమాన వేతనానికి అడ్డురాదని కూడా అంది. ఆ చివరి మాట మన సంస్థల బోర్డు గదుల్లో గోడకి అంటించుకోవాలి. 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్ తేయాకు తోటల స్త్రీలు బోనస్ తగ్గించినందుకు రోడ్డెక్కినప్పుడు ముందు చేసింది యూనియన్ల మగ నాయకుల్ని దగ్గరికి రానివ్వకపోవటం. రోజుకూలి అప్పటికి 232 రూపాయలు, వాళ్ళడిగింది 500. తొమ్మిది రోజుల్లో 20 శాతం బోనస్ సాధించారు. కూలి మాత్రం 301 దగ్గర ఆగింది, అదీ ఆ తర్వాత పెద్ద యూనియన్లు కూర్చున్న బల్ల దగ్గర. గెలుపూ, దాని హద్దూ రెండూ అందులో వున్నాయి. బేరం చెయ్యటం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

అందుకే ఆ అక్క ప్రశ్నకి నా జవాబు ఇది. కూలికే వచ్చావు, సంఘం పనికీ వచ్చావు. రెండూ ఒకేసారి నిజం కావటానికి వీల్లేదన్నవాళ్ళది మోసం. డాక్టరు సేవ చేస్తూ జీతం తీసుకుంటాడు. స్త్రీవాద పరిశోధన చేస్తూ నేను యూజీసీ స్కేలు తీసుకున్నాను. నన్నెవరూ ఏ పనికొచ్చావని అడగలేదు.

సంస్థల్లో పనిచేస్తున్న స్త్రీలకి నేను చెప్పగలిగింది కొంచెమే. ఒక్కొక్కరే డైరెక్టరు గదిలోకి వెళ్ళొద్దు. అక్కడ ఒకరికి రహస్యంగా ఐదొందలు పెంచి మిగతావాళ్ళకి చెప్పొద్దంటారు. ఆ ఐదొందలు పెంపు కాదు, నోటికి తాళం. ముందు మీలో మీరు ఎవరికెంత వస్తోందో చెప్పుకోండి. జీతం చెప్పుకోవటం మర్యాద కాదన్న సంస్కారం ఎవరికి పనికొస్తోందో ఆలోచించండి. ప్రాజెక్టు బడ్జెట్ చూపించమనండి. జీతాల పద్దు కింద ఏజెన్సీకి రాసింది ఎంత, మీ చేతికొచ్చేది ఎంత అన్నది మొదటి ప్రశ్న. తర్వాత మీరున్న చోట కనీస వేతనం ఎంతో కనుక్కోండి. 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవటం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి అంది. వెట్టి మీద మనం సదస్సులు పెట్టాం గదా. అడిగే సమయం కూడా చూసుకోవాలి. కొత్త ప్రాజెక్టు రాసేటప్పుడు, రాసి పంపాక కాదు. ఏజెన్సీ వాళ్ళు పని చూడ్డానికి వచ్చే ముందు, వచ్చి వెళ్ళాక కాదు. నారు పీకినంక అన్న ఆమె మాట ఇక్కడ పనికొస్తుంది. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించుకోండి. అక్కా చెల్లీ అనుకునే చోట కాగితమేమిటన్నా సరే. పారిశ్రామిక చట్టం బయటికి నెట్టినా సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో వుంది, దాన్నెవరూ తీసెయ్యలేదు.

సంస్థలు నడిపేవాళ్ళ అభ్యంతరం నాకు తెలుసు. ఈ లెక్కన చిన్న సంస్థలు మూతపడతాయి, అప్పుడు ఆ స్త్రీలకి ఈ మాత్రం కూడా వుండదు అంటారు. సమాన వేతన చట్టం వచ్చినప్పుడు, ప్రసూతి సెలవులు పెంచినప్పుడు యజమానులన్నదీ ఇదే. అప్పుడు మనమేమన్నామో తిరగేసి చూసుకుంటే చాలు. నిజంగా డబ్బు లేని సంస్థ వుంటుంది. అది తన లెక్కలు అందరి ముందూ పెట్టి, పైనుంచి కిందిదాకా అందరం ఇంతే తీసుకుందామంటే ఆ సంస్థతో నాకు పేచీ లేదు. అలాంటివి రెండు మూడు నాకు తెలుసు కూడా. పేదరికం ఫీల్డు దగ్గర మాత్రమే మొదలయ్యే సంస్థల గురించే నేను మాట్లాడుతున్నాను. పదిమందితో చెయ్యాలనుకున్న పనికి ఆరుగురికి సరిపడా డబ్బే వుంటే ఆరుగురితో చేసే పనే చేద్దాం. మిగతా నలుగురి శ్రమని ఉచితంగా లాక్కుని పదిమంది పని చేశామని రిపోర్టు రాయటం మానేద్దాం.

ఆ శిక్షణ జరిగిన సంస్థలో తొమ్మిది మంది కార్యకర్తలు కలిసి బోర్డుకి వుత్తరం రాశారు. వచ్చే సమావేశంలో పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఆమె కూడా సంతకం పెట్టింది.

ఈ పత్రిక సంపాదకవర్గానికి నేనొక ప్రతిపాదన పంపాను, వాళ్ళు ఒప్పుకున్నారు. మీరు చేస్తున్న పనేమిటి, ఏ సంవత్సరంలో చేరారు, అప్పుడెంత, ఇప్పుడెంత, ఏ పేరుతో ఇస్తున్నారు, మీ సంస్థలో అందరికంటే ఎక్కువ తీసుకునే వాళ్ళకి ఎంత వస్తుందో తెలిస్తే అది - ఇవి ఒక కార్డు మీద రాసి పంపండి. మీ పేరు, సంస్థ పేరు అక్కర్లేదు. రాయటం రానివాళ్ళ తరఫున పక్కనున్నవాళ్ళు రాయండి. వచ్చినవన్నీ వచ్చే సంచికలో పట్టికగా వేస్తారు. సంస్థలు నడిపేవాళ్ళూ రాయాలి. నా కార్డు, ఆ పన్నెండేళ్ళ కిందటి సర్వే బడ్జెట్‌తో సహా, ఇప్పటికే పంపాను.